క్రాడ్లీ హీత్ గొలుసులు, నర్సాపురం లేసు

(నర్సాపురం లేసు అల్లికకి భౌగోళిక గుర్తింపు వచ్చిన సందర్భంగా ఏర్పాటైన సభలో ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలి ప్రసంగ పాఠం)

సభకి నమస్కారం. వేదిక మీద చాలామంది పెద్దలున్నారు. అందరి పేర్లూ వరసగా చదివితే నాకిచ్చిన సమయంలో సగం వాటికే సరిపోతుంది, అందుకని అందరికీ కలిపి ఒకే నమస్కారం పెడుతున్నాను, ఎవరూ ఏమీ అనుకోకండి. నన్ను పరిచయం చేసిన మాస్టారు నేను రాయని పుస్తకాలు కూడా రెండు నా ఖాతాలో వేశారు. ఆయన అభిమానానికి కృతజ్ఞతలు. ఆ పుస్తకాలు ఎక్కడైనా దొరికితే నాకూ ఒక కాపీ పంపండి.

నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. ఇక ఎక్కడో మెషీన్ల మీద దించిన సరుకుని నర్సాపురం లేసు అని అమ్మడానికి వీల్లేదు. ఇందుకోసం తిరిగిన వాళ్ళందరికీ అభినందనలు. నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘మహిళా సాధికారతలో లేసు పాత్ర’. దాని మీద శ్రద్ధగానే రాసుకొచ్చాను, కాగితాలు ఇదిగో. కానీ నాకంటే ముందు మాట్లాడిన పెద్దాయన ఒక మాట అన్నారు. “మన ఆడవాళ్ళు తీరిక వేళల్లో ఇంటిపట్టునే ఉండి నాలుగు రాళ్ళు సంపాదించుకుంటున్నారు” అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. నేను ఆ మాట దగ్గరే ఆగిపోయానండి. ఇక ఈ కాగితాలు చదవలేను. క్షమించాలి, వేరే సంగతి మాట్లాడతాను.

తీరిక వేళ. ఎవరి తీరిక? ఏ వేళ?

మా అమ్మ లేసు అల్లేది. ఈ సభలో సగం మంది అమ్మలు అల్లిన వాళ్ళే. పొద్దున్న వంట ముగించి అరుగు మీద కూర్చునేది, మధ్యాహ్నం పిల్లలకి పెట్టి మళ్ళీ కూర్చునేది, రాత్రి లాంతరు కింద మళ్ళీ. అమ్మది అతుకుపని. పువ్వులు ఒకరు అల్లితే, అంచు కాజాకట్టు ఇంకొకరు చేస్తే, అవన్నీ చేర్చి అతికే పని మా అమ్మది. టేబులు గుడ్డ ఎంత పెద్దదో ఆవిడ ఎప్పుడూ పూర్తిగా పరిచి చూడలేదు. మా ఇంట్లో అంత టేబులు లేదు మరి. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, లేసు తూచి తీసుకునేవాడు. రెండు తూకాలకీ మధ్య తేడా వస్తే అది ఎప్పుడూ మా అమ్మ మీదే పడేది. మాసిందని ఒక కోత, బిగువు లేదని ఒక కోత. జనాభా లెక్కల వాళ్ళు వచ్చి “మీ ఆవిడ ఏం చేస్తారండీ” అని అడిగితే మా నాన్న “ఏం చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది” అని రాయించారు. అమ్మ అక్కడే గుమ్మంలో ఉంది, చేతిలో సూది ఉంది. ఆ మాటకి ఆవిడేమీ కోప్పడలేదు కూడా. ఇంటి ఆడది కూలికి చేస్తోందని రాయించుకోవడం పరువు తక్కువ ఆ రోజుల్లో.

సరే, అసలు కథలోకి వస్తాను. ఇది మన ఊరి కథ కాదు. 1910లో ఇంగ్లండులో జరిగింది. ఎందుకు చెబుతున్నానో మీకే తెలుస్తుంది.

ఇంగ్లండు నడుమన బర్మింగ్‌హాం దగ్గర క్రాడ్లీ హీత్ అని ఒక చిన్న ఊరు. బొగ్గు పొగకి ఆ ప్రాంతం మొత్తాన్నీ నల్ల సీమ అనేవారు. ఆ ఊళ్ళో గొలుసులు చేసేవారు. ఓడ లంగర్లకి వేసే లావుపాటి గొలుసులు మగవాళ్ళు ఫ్యాక్టరీల్లో చేసేవారు, వాళ్ళకి యూనియన్లుండేవి, కూలి ఫరవాలేదు. చిన్న గొలుసులు, పశువులకి, బళ్ళకి, పొలం పనిముట్లకి వాడేవి, ఆడవాళ్ళు చేసేవారు. ఎక్కడ? ఇంటి వెనక పెరట్లో ఒక చిన్న కొలిమి పాకలో. ఇనప కడ్డీని ఎర్రగా కాల్చడం, ముక్క కొట్టడం, వంచడం, పక్క లంకెలో దూర్చడం, మళ్ళీ కాల్చి సుత్తితో అతకడం. ఇదీ అతుకుపనే చూడండి. పసిపిల్లలు ఆ కొలిమి పక్కనే పెట్టెల్లో పడుకునేవారు. కడ్డీలు ఇచ్చి గొలుసులు పట్టుకెళ్ళే దళారీలని అక్కడ ‘ఫాగర్లు’ అనేవారు. వాళ్ళూ తూచి ఇచ్చేవారు, తూచి తీసుకునేవారు.

వారానికి యాభై గంటలు దాటి కొలిమి దగ్గర నిలబడితే వచ్చేది అయిదారు షిల్లింగులు. దాన్ని కూడా అక్కడి పెద్దమనుషులు మొగుడి సంపాదనకి చిన్న తోడు అనే లెక్కేసేవారు. ఇందాక విన్న మాటే.

ఈ దుస్థితి రహస్యం కాదు. 1888 నుంచి 1890 దాకా వాళ్ళ పార్లమెంటులోని ప్రభువుల సభ ఒక కమిటీ వేసి, ఇలా చౌక కూలికి జనాన్ని పిండే పనులన్నిటి మీదా విచారణ చేసింది. సంపుటాలకి సంపుటాలు సాక్ష్యాలు అచ్చేశారు. ప్రభువులు చాలా బాధపడ్డారు. కూలి జోలికి మాత్రం పోలేదు. కూలి అనేది ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య బేరం, ప్రభుత్వం తలదూర్చకూడదు అని అప్పటి సిద్ధాంతం.

అదే 1888లో లండన్‌లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ అమ్మాయిల సమ్మె జరిగింది. బ్రయంట్ అండ్ మే కంపెనీ. సుమారు 1,400 మంది బయటికి వచ్చేశారు. ఫాస్ఫరస్ పొగకి దవడ ఎముక కుళ్ళిపోయే జబ్బు, మాట్లాడితే జరిమానా, కాళ్ళకి మట్టి ఉంటే జరిమానా. ఆ సంగతులన్నీ పత్రికలో రాసి దేశానికి తెలియజేసింది ఎవరో తెలుసా అండీ? అనీబిసెంట్. మనకి ఆవిడ హోం రూలు, దివ్యజ్ఞాన సమాజం, 1915లో మదనపల్లెలో పెట్టిన కాలేజీ. ఆ కాలేజీలో చదువుకున్న వాళ్ళు మన రాష్ట్రంలో ఎంతమందో. ఆవిడ లండన్ అగ్గిపెట్టెల పిల్లల పక్కన నిలబడిన మనిషని వాళ్ళలో ఎంతమందికి తెలుసు? ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పినదాన్ని, సిలబస్‌లో ఈ ముక్క నాకు ఎప్పుడూ కనబడలేదు. హోం రూలు తేదీలు మాత్రం అన్నీ ఉంటాయి. సరే, సిలబస్ మీద నా కోపం ఇప్పుడు మొదలుపెడితే ఈ సభ తెల్లారినా ముగియదు.

1906 మే నెలలో లండన్ క్వీన్స్ హాల్లో ఒక ఎగ్జిబిషన్ పెట్టారు. డైలీ న్యూస్ అనే పత్రిక పెట్టింది. మామూలుగా ఎగ్జిబిషన్ అంటే సరుకు పెడతారు కదా. ఇందులో సరుకుతో పాటు దాన్ని చేసే మనుషుల్ని కూడా కూర్చోబెట్టారు. ఒకావిడ అగ్గిపెట్టెలు అంటిస్తోంది. 144 పెట్టెలకి సుమారు రెండు పెన్నీలు. అప్పట్లో పన్నెండు పెన్నీలైతే ఒక షిల్లింగు. జిగురు ఖర్చు ఆవిడదే. ఇంకొకావిడ కాగితం పూలు చేస్తోంది, ఇంకొకరు చొక్కాలు కుడుతున్నారు. రాజుగారి చెల్లెలు వచ్చి ప్రారంభించింది. ఆరు వారాల్లో ముప్పై వేల మంది దాకా వచ్చి చూశారు. పట్టు గౌన్ల దొరసానులు తాము తొడుక్కున్న బట్ట ఎంత కూలికి తయారైందో అక్కడ చదివారు. గంటకి ఎంత వస్తుందో పుస్తకం అచ్చేసి మరీ చేతికిచ్చారు.

ఆ పత్రిక ఎవరిదో చెప్పనా? జార్జి క్యాడ్బరీది. అవును, చాక్లెట్ల క్యాడ్బరీయే. మంచి మనిషి, పనివాళ్ళకి ఇళ్ళు కట్టించాడు. కానీ అదే రోజుల్లో ఆయన కంపెనీ కొనే కోకో ఆఫ్రికా పక్కన సావో తోమే దీవుల నుంచి వచ్చేది, అక్కడ తోటల్లో పని చేసేది పేరుకి కూలీలు, నిజానికి బానిసలు. ఆ సంగతి ఎత్తిపొడిచిన పత్రిక మీద కంపెనీ పరువు నష్టం దావా వేసి 1909లో గెలిచింది. జ్యూరీ ఇప్పించిన నష్టపరిహారం ఎంతో తెలుసా? ఒక ఫార్దింగు. పెన్నీలో నాలుగో వంతు! దయ గల వాళ్ళని నేను తీసిపారెయ్యడం లేదు, క్రాడ్లీ హీత్ ఆడవాళ్ళకి కూడా ఆయన చందా పంపాడు. దయ ఎక్కడిదాకా వస్తుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది మనం చూసుకోవాలి, అంతే.

ఎగ్జిబిషన్ తరవాత ఒక సంఘం ఏర్పడింది, కనీస కూలి చట్టం కావాలని ఊరూరా సభలు పెట్టింది. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 1896 నుంచే కనీస కూలి తేల్చే బోర్డులు పని చేస్తున్నాయి, అక్కడ కొంపలేమీ మునగలేదు, మనకెందుకు వద్దు అని వాళ్ళ వాదన. చివరికి 1909లో చట్టం వచ్చింది. సభలో ఆ బిల్లు పెట్టిన మంత్రి ఎవరంటే, కోపం తెచ్చుకోకండి, విన్‌స్టన్ చర్చిల్. బెంగాల్ కరువు చర్చిలే. మంచి యజమానిని చెడ్డ యజమాని దెబ్బ తీస్తాడు, చెడ్డవాణ్ణి మరీ చెడ్డవాడు దెబ్బ తీస్తాడు, కింద ఒక హద్దు గియ్యకపోతే అందరూ అడుక్కే జారతారు అని ఆయన చెప్పిన తర్కం. ఆ మనిషి మీద నాకు గౌరవం లేదు, ఆ తర్కంలో తప్పు పట్టలేను.

మొదట నాలుగే పనులు ఆ చట్టం కిందికి తెచ్చారు. రెడీమేడ్ బట్టల కుట్టుపని, అట్టపెట్టెల తయారీ, గొలుసుల తయారీ, నాలుగోది వినండి, మెషీను మీద నేసిన లేసుకి చేత్తో చేసే ముగింపు పని. నాటింగ్‌హాం ఊళ్ళో ఇళ్ళలో కూర్చుని ఆడవాళ్ళు చేసే లేసు పని! వాళ్ళకి దారాలు పంచే దళారీలు కూడా ఎక్కువగా ఆడవాళ్ళే. ప్రపంచంలో మొదటి కనీస కూలి చట్టాల్లో ఒకటి లేసు పేరు చెప్పి మొదలైంది. మన లేసుకి గుర్తింపు ఇచ్చిన సభలో ఆ సంగతి ఎవరూ ఎత్తకపోతే నాకు ఊపిరాడలేదు.

ఇప్పుడు మేరీ మకార్థర్ గురించి. ఆవిడ పుట్టింది 1880లో, స్కాట్లాండులో. మనకి లేసు నేర్పారని చెప్పే మేక్రే దంపతులు కూడా స్కాట్లాండు నుంచి వచ్చిన మిషనరీలే. సూదీ అక్కడిదే, కూలి అడిగిన గొంతూ అక్కడిదే. మేరీది బట్టల కొట్టు యజమాని ఇల్లు. కొట్టు గుమాస్తాలు యూనియన్ మీటింగు పెట్టుకుంటుంటే వెక్కిరిస్తూ పత్రికకి రాద్దామని వెళ్ళింది. ఉపన్యాసం విని యూనియన్‌లో చేరిపోయింది. మరి ఉపన్యాసాలకి అప్పుడప్పుడూ పని జరుగుతుంది, నవ్వకండి. 1906లో ఆడ పనివాళ్ళందరికీ ఒకే జాతీయ సమాఖ్య పెట్టింది. ఇళ్ళలో పని చేసే ఆడవాళ్ళ పరిస్థితి చూడ్డానికి గల్లీ గల్లీ తిరిగి డిఫ్తీరియా తెచ్చుకుంది. ఆడవాళ్ళకి సంఘం లేదు కాబట్టి కూలి తక్కువ, కూలి తక్కువ కాబట్టి సంఘానికి చందా కట్టలేరు, అని ఆవిడ ఎప్పుడూ చెప్పేది.

1910లో, ఆ చట్టం కింద గొలుసుల పనికి పెట్టిన కూలి బోర్డు ఆడవాళ్ళకి రేటు తేల్చింది. గంటకి రెండున్నర పెన్నీలు. లెక్క వెయ్యండి, వారానికి 54 గంటలైతే 11 షిల్లింగుల 3 పెన్నీలు. ఉన్నదానికి రెట్టింపు. ఆగస్టు 17 నుంచి అమలు. ఊళ్ళో పండగ జరగాలి కదా?

ఇక్కడే ఉంది కిటుకు. చట్టంలో ఒక సందు పెట్టారు. మొదటి ఆరు నెలలూ, పనివాళ్ళు “ఈ రేటు మాకు అక్కర్లేదు, పాత కూలికే చేస్తాం” అని రాతపూర్వకంగా ఒప్పుకుంటే, పాత కూలే ఇవ్వచ్చు. యజమానులు, ఫాగర్లు ఏం చేశారు? కాగితాలు అచ్చేయించుకుని ఇల్లిల్లూ తిరిగారు. ఇక్కడ సంతకం పెట్టమ్మా, ఏం లేదు, మామూలు కాగితమే. చదువు రాని ఆడవాళ్ళు చాలామంది గీత గీసిచ్చేశారు. ఆ ఆరు నెలల్లో పాత కూలికే గొలుసులు గుట్టలుగా చేయించుకుని గోదాముల్లో నింపుకుంటే, తరవాత కొత్త రేటు వచ్చే వేళకి “పని లేదు, వెళ్ళండి” అనచ్చు. అదీ పథకం.

అమ్మా, వెనక కూర్చున్నవాళ్ళు వినండి. ఈ ముక్క మీకోసమే. రేటు కాగితం ప్రభుత్వం నుంచి వస్తే, దాన్ని రద్దు చేసే కాగితం ఆ పక్క వీధి నుంచే వస్తుంది. ఇంగ్లండులో అయినా అంతే, ఇక్కడైనా అంతే.

ఇక్కడైనా అంతే అని ఊరికే అనడం లేదు. మా చిన్నప్పుడు ఒకసారి మా ఊళ్ళో లేసు కూలి లెక్కలు చూడ్డానికి ఎవరో ఆఫీసరు వస్తున్నాడని పుకారు పుట్టింది. ఆయన వచ్చాడో లేదో గానీ, మర్నాటికల్లా ఏజెంటు ఇంటింటికీ ఒక కాగితం తెచ్చాడు. “నేను కూలికి చెయ్యడం లేదు, దారం నేనే కొనుక్కుని, లేసు నేనే అమ్ముకుంటున్నాను” అని అందులో రాసి ఉంది. మా అమ్మకి చదవడం వచ్చు. మొత్తం చదివింది. అబద్ధమని తెలుసు. అయినా సంతకం పెట్టింది. పెట్టకపోతే వచ్చే వారం దారం రాదు, దారం రాకపోతే మా చెల్లి మందులకి డబ్బుల్లేవు. కాగితం పట్టుకెళ్తూ ఆ మనిషి “మీ మంచికేనమ్మా” అన్నాడు. ఏజెంటు పేరూ, వాడి వెనకున్న షావుకారు పేరూ చెప్పను. ఎవరూ మిగల్లేదు. ఆ పద్ధతి మాత్రం మిగిలింది. బీడీల దగ్గరా ఇదే ఎత్తు వేశారు, ఆకు, పొగాకు అమ్మినట్టు, బీడీలు కొన్నట్టు రాసుకోవడం. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళని అడగండి, చెబుతారు.

మా అమ్మకి పిరికితనం అని నేను అనను. ఒక్కదానికి దొరికే ధైర్యం అంతే. క్రాడ్లీ హీత్‌లో తేడా ఎక్కడ వచ్చిందంటే, సంతకం పెట్టనంటే వచ్చే వారం తిండికి డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్నకి మేరీ జవాబు తయారు చేసుకుని మరీ వెళ్ళింది. ఆవిడ సభలు పెట్టి కాగితాల్లో ఏముందో చదివి వినిపించింది. సంతకం పెట్టనన్నవాళ్ళకి యజమానులు కడ్డీలు ఇవ్వలేదు. సుమారు 800 మంది ఆడవాళ్ళు సుత్తులు కింద పెట్టేశారు. అప్పుడు దేశమంతా చందాల పిలుపు వెళ్ళింది. పత్రికల్లో ముసలమ్మల ఫోటోలు వేయించింది మేరీ. కొత్తగా వచ్చిన సినిమా బొమ్మ వాళ్ళని, పాథే అనే కంపెనీని, పిలిపించి సమ్మెని తీయించింది. దేశమంతా హాళ్ళలో చూశారు. పేషెన్స్ రౌండ్ అని 79 ఏళ్ళ ముసలావిడ ఉండేది, చిన్నప్పటి నుంచీ గొలుసే కొట్టింది. ఆడవాళ్ళ హక్కు అడిగే రోజు చూస్తానని అనుకోలేదు అని పేపరు వాళ్ళతో అందట ఆవిడ. పది వారాలు నిలబడ్డారు. ఒక్కొక్క యజమానీ దిగొచ్చి కొత్త రేటు ఇస్తానని జాబితాలో సంతకం పెట్టాడు. సంతకం అడిగినవాళ్ళే సంతకం పెట్టారు! అక్టోబరు 22న ఆఖరివాడు పెట్టాడు.

చందాలు నాలుగు వేల పౌన్ల దాకా పోగయ్యాయి. ఖర్చులు పోను మిగిలిన దాంతో ఏం చేశారో వినండి. సన్మానాలు చెయ్యలేదు, శాలువాలు కొనలేదు. పనివాళ్ళకి ఒక భవనం కట్టారు, 1912లో తెరిచారు. తరవాత రోడ్డుకి అడ్డమొస్తోందంటే ఇటుక ఇటుక విప్పి డడ్లీలో ఉన్న మ్యూజియంలో మళ్ళీ నిలబెట్టారు. ఇప్పటికీ ఉంది.

మేరీని 1918 ఎన్నికల్లో పార్లమెంటుకి నిలబెట్టారు. ఆడవాళ్ళు పోటీ చెయ్యగలిగిన మొదటి ఎన్నిక అది. దేశమంతా ఆవిడని మేరీ మకార్థర్ అనే ఎరుగు. ఎన్నికల అధికారి మాత్రం మొగుడి ఇంటి పేరుతోనే బ్యాలెట్లో ఎక్కుతుంది అన్నాడు. మిసెస్ డబ్ల్యూ. సి. ఆండర్సన్ అని అచ్చేశారు. ఆ పేరు ఎవరిదో చాలామంది ఓటర్లకి తెలిసి ఉండదు. ఓడిపోయింది. 1921 జనవరి 1న పోయింది, నలభై ఏళ్ళకే. ఈ పేరు సంగతి ఇక్కడ అవసరం లేదు నిజానికి. కానీ ఆడదాని పనిని ఆవిడ పేరున రాయడానికి ఎంత కష్టమో చూడండి. జనాభా లెక్కలైతే ఏం, బ్యాలెట్ పేపరైతే ఏం!

టైం అయిపోయిందని చీటీ వచ్చింది. చూశాను. ఇంకొంచెం ఓపిక పట్టండి, టీ చల్లారిపోతే నేను మళ్ళీ పెట్టిస్తాను.

ఎగుమతిదారులు ముందు వరసలో ఉన్నారు. వాళ్ళ మనసులో ఏముందో నాకు తెలుసు. “మేడమ్, రేటు పెంచితే ఆర్డర్లు చైనాకి పోతాయి” అని. ఈ భయం 1910లోనూ ఉంది. ఇది తేల్చుకుందామని కలకత్తాలో పుట్టిన ఒక ఆర్థిక చరిత్రకారుడు, ఆర్. హెచ్. టానీ, గొలుసుల ఊరికి వెళ్ళి లెక్కలన్నీ చూసి 1914లో ఫలితం ప్రచురించాడు. కూలి పెరిగింది, పరిశ్రమ కూలిపోలేదు, ఫాగర్ల పట్టు తగ్గింది, ఆడవాళ్ళు సంఘటితమయ్యారు. మా ఎగుమతిదారు మిత్రులకి అంత టైం ఉంటే అది చదవండి. మీ మీద నాకు కక్ష ఏమీ లేదు. మీలో మంచి రేటు ఇచ్చేవాళ్ళున్నారు. చర్చిల్ తర్కం మీకే ఉపయోగం, తక్కువ ఇచ్చేవాడు మీ కాళ్ళ కింద మట్టి తవ్వకుండా ఆపుతుంది.

ఇప్పుడు మన చట్టం. మొదటి ప్రపంచ యుద్ధం తరవాత అంతర్జాతీయ కార్మిక సంస్థ వచ్చింది, 1928లో కనీస కూలి నిర్ణయించే పద్ధతుల మీద ఒప్పందం చేసింది. ఇళ్ళలో చేసే పనుల్ని అందులో ప్రత్యేకంగా చెప్పింది. మన దగ్గర 1946 ఏప్రిల్‌లో కనీస వేతనాల బిల్లుని కేంద్ర శాసన సభలో ప్రవేశపెట్టింది డాక్టర్ అంబేద్కర్. 1948లో చట్టమైంది. రాజ్యాంగం కంటే ముందే. అంబేద్కర్ విగ్రహానికి దండ వేసే ప్రతి సభలోనూ ఈ ముక్క చెప్పాలని నా కోరిక.

ఆ 1948 చట్టంలో మూడు చోట్ల క్రాడ్లీ హీత్ కనిపిస్తుంది నాకు. 17వ సెక్షన్‌లో, గంటల లెక్కన రేటు ఉన్నప్పుడు ముక్క లెక్కన చేయించుకున్నా ఆ గంట రేటుకి తగ్గకూడదని ఉండేది. 25వ సెక్షన్‌లో, కనీస కూలి వదులుకుంటానని పనివాళ్ళు ఏ కాగితం మీద సంతకం పెట్టినా అది చెల్లదని ఉండేది. ఆ ఊరి ఆడవాళ్ళ పది వారాలు ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి. మా అమ్మ సంతకం పెట్టిన కాగితం కూడా, కొనుగోలు-అమ్మకం అనే ముసుగు తీసేస్తే, ఈ సెక్షన్ ముందు నిలవని చిత్తు కాగితమే. ఆవిడకి చెప్పేవాళ్ళు లేకపోయారు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఉద్యోగి అంటే ఎవరు అని చెప్పే చోట, సామగ్రి ఇస్తే తీసుకెళ్ళి తన ఇంట్లోనే తయారు చేసే, అలంకరించే, ముగించే మనిషి కూడా ఉద్యోగే అని రాశారు. ఇంట్లో కూర్చుని చేసినా! మా అమ్మ ఏం చేస్తుందో మా నాన్న రాయించలేదు గానీ, చట్టం రాసింది.

రాసింది, నిజమే. అమలు సంగతి వేరు. 1970ల చివర మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మన నర్సాపురం చుట్టూ ఊళ్ళు తిరిగి లేసు ఆడవాళ్ళ మీద పరిశోధన చేసింది. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు పని, చేతికొచ్చేది రూపాయి కూడా లేదు, వ్యవసాయ కూలి కంటే ఎంతో తక్కువ. విదేశాలకి ఎగుమతి చేసే సరుకు ఇది. చేసేవాళ్ళని గృహిణులు అంటున్నారు, పనివాళ్ళు అనడం లేదు, ఆ తేడాలోనే లాభమంతా ఉంది అని ఆవిడ తేల్చింది. ప్రపంచంలో విశ్వవిద్యాలయాల్లో ఆ పరిశోధన పాఠంగా చెబుతారు. నర్సాపురం పేరు భౌగోళిక గుర్తింపుకి ముందే అలా ప్రపంచానికి తెలుసు, మనకే తెలియదు. 1996లో ఇంటి దగ్గర పని చేసేవాళ్ళ కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు.

ఇప్పుడు నా అసలు గోడు. 2019లో పార్లమెంటు వేతనాల కోడ్ చేసింది, 1948 చట్టాన్ని అందులో కలిపేశారు. జాబితాలో ఉన్న పనులకే కనీస వేతనం అనే షెడ్యూళ్ళ గొడవ లేకుండా ఉద్యోగులందరికీ కనీస వేతనం అన్నారు. బాగుంది. కానీ ఉద్యోగి నిర్వచనం తీసి చదవండి. సామగ్రి తీసుకెళ్ళి ఇంట్లో చేసే మనిషి ప్రస్తావన అందులో లేదు. డెబ్బై ఏళ్ళు ఉన్న వాక్యం చడీ చప్పుడూ లేకుండా జారిపోయింది. సామాజిక భద్రత కోడ్‌లో ఇంటి దగ్గర పని చేసేవారు అని ఉంది కదా అంటారు లాయర్లు. ఉంది, అది బీమా, పింఛనుల సంగతి. కూలి సంగతి కాదు.

ఒక చిన్న తలుపు మాత్రం ఉంది. అదే నిర్వచనంలో, ప్రభుత్వం ఎవరినైనా ఉద్యోగి అని ప్రకటిస్తే వాళ్ళూ ఉద్యోగులే అని రాశారు. ప్రకటించమని అడగాలి. అడిగేవాళ్ళు ఉంటేనే అడిగినట్టు.

ఇంకాసేపట్లో తీర్మానాలు చదవబోతున్నారు. కార్యదర్శిగారు నాకు ముందే చూపించారు. ప్రభుత్వానికి ధన్యవాదాలు ఒకటి, అధికారులకి ధన్యవాదాలు ఒకటి, సీతారాంపురం లేసు పార్కుకి నిధులు కోరుతూ ఒకటి. మూడూ ఉంచండి. నాలుగోది నేను చెబుతాను, రాసుకోండి. లేసు అల్లే ప్రతి మనిషినీ వేతనాల కోడ్ కింద ఉద్యోగిగా రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించాలి. పువ్వుకి ఎన్ని గంటలు, కాజాకట్టుకి ఎన్ని గంటలు, అతుకుపనికి ఎన్ని గంటలు పడుతుందో అల్లేవాళ్ళ ఎదుటే కొలిచి, ముక్క రేటు కట్టి, ఆ పట్టిక ప్రతి సచివాలయం గోడ మీదా అంటించాలి. ఇచ్చిన దారం, తీసుకున్న లేసు, ఇచ్చిన డబ్బు రాసే పుస్తకం అల్లే మనిషి చేతిలో ఉండాలి, ఏజెంటు సంచిలో కాదు.

తీర్మానం నేను ప్రతిపాదిస్తున్నాను. దీన్ని బలపరిచేది వేదిక మీది వాళ్ళు కాకూడదు. అల్లేవాళ్ళలో ఎవరు బలపరుస్తారు? ఆ స్తంభం పక్కన ఆకుపచ్చ చీరావిడ చెయ్యెత్తింది. కార్యదర్శిగారూ, మైకు ఆవిడకివ్వండి. పేరు ఆవిడ చెప్పినట్టే రాయండి.